పింగాణీ గోపురానికి శుక్రవారం సెలవు లేదు

2024 నవంబరు. కువైట్‌లోని ఫర్వానియాలో పెద్ద రోడ్డు వెనక సందులో, ఒక బిర్యానీ హోటలు మీద మా ట్రావెల్ ఆఫీసు. అందులో నేను చూసేది టూర్స్ కౌంటర్. ఇంటికి పోయేవాళ్ళు టికెట్ కౌంటర్ దగ్గరికి వెళతారు, ఊళ్ళు చూడడానికి పోయేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. అక్కడ క్యూ పొడుగు, ఇక్కడ ప్రశ్నలు పొడుగు.

నా పేరు షమీమ్, మాది రాయచోటి. పద్నాలుగేళ్ళుగా ఇదే కుర్చీలో కూర్చుని జనాన్ని బాకూకీ, ఇస్తాంబుల్‌కీ, బ్యాంకాక్‌కీ పంపిస్తున్నాను. ఏ గుడికి ఏ గేటు, ఎన్నింటికి టికెట్లు ఆపేస్తారు, ఎక్కడ చెప్పులు విప్పాలి, ఎక్కడ మోకాళ్ళు కప్పుకోవాలి, అన్నీ నోటికే చెప్పగలను. బ్యాంకాక్ పేరెత్తగానే కొందరు మగవాళ్ళు కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గిస్తారు. నేను గొంతు పెంచుతాను. "ఏ గుడి నుంచి మొదలు పెడదాం సార్?" అంటే సగం మంది సర్దుకుంటారు. నాకు తెలియనిది లేదనే పొగరు కొంత ఉండేది, ఒప్పుకుంటాను. ఆ పొగరు ఒక్క ఫోన్ కాల్‌తో ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఇక్కడి శుక్రవారం సంగతి చెప్పాలి. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం. ఆ రోజు పొద్దున మా వీధిలో షట్టర్లన్నీ దించే ఉంటాయి. మధ్యాహ్నం జుమా నమాజు అయ్యాకే ఊరు లేస్తుంది. మా ఆఫీసూ అంతే, ఒంటిగంట దాటాకే తెరుస్తాం. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు సెలవంటూ దొరికితే అది కూడా శుక్రవారం మధ్యాహ్నమే. పొద్దున యజమానుల ఇంటికి చుట్టాలు వస్తారు, వాళ్ళకు వండి పెట్టి, గిన్నెలు కడిగి, అప్పుడు బయటపడతారు.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం నా కౌంటర్ ముందుకు భార్యాభర్తలిద్దరు వచ్చి కూర్చున్నారు. ఆమె రెడ్డెమ్మ, ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఆయన వెంకటరమణ, ఇంకో ఇంట్లో డ్రైవరు. ఇద్దరిదీ పులివెందుల వైపు పల్లె. పదహారేళ్ళుగా ఒకే దేశంలో ఉన్నారు, కానీ ఒకే ఇంట్లో లేరు. ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వేరు, ఈయన కఫీల్ వేరు. శుక్రవారం మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు, ఫర్వానియాలో ఎవరో తెలిసినవాళ్ళ గదిలోనో, పార్కు బెంచీ మీదో కలుసుకోవడం, మళ్ళీ ఎవరి ఇంటికి వాళ్ళు పోవడం. ఇలాంటి జంటలు మాకు కొత్త కాదు. కానీ వీళ్ళు ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డులు, రద్దు చేయించుకుని శాశ్వతంగా ఇంటికి పోతున్నారు. సామానంతా అప్పటికే కార్గోలో వేసేశారు.

"నేను ఒగ గోపురం చూడల్ల," అంది రెడ్డెమ్మ, కూర్చోగానే.

"ఏ గోపురం అక్కా?"

"బ్యాంకాకులో. ఏటిగట్టున ఉంటాది. పగిలిన పింగాణీ గిన్నెలు అతికిచ్చి కట్టినారంట."

వెంకటరమణ నా వైపు చూసి నవ్వాడు. "నేను చెప్తానే ఉండా మేడం. పగిలిన గిన్నెలు చూసేకి ఇమానం ఎక్కల్లనా? ఇంటికి పోతానే నాలుగు పగలగొట్టి నేనే చూపిచ్చా అన్నా."

"నువ్వు రవ్వంత గమ్మునుండు," అని ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆరేళ్ళ కిందట ఆమె యజమానురాలు, ఆమె మాటల్లో 'మామా', మోకాలి ఆపరేషన్‌కి బ్యాంకాక్ వెళ్ళిందట. సాయానికి రెడ్డెమ్మనూ తీసుకుపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చేశాక ఒకరోజు ఇంటివాళ్ళంతా పడవెక్కి నది దాటి ఆ గుడి చూడడానికి వెళ్ళారు. పసిబిడ్డ అయిన మనవడు నిద్రపోతున్నాడని, సంచులు ఎక్కువున్నాయని రెడ్డెమ్మను ఇవతలి రేవులోనే కూర్చోబెట్టారు.

"రెండు గంటలు కూచ్చున్యా షమీమమ్మా," అంది. నా బల్ల మీద పేరు చదివేసినట్టుంది. "ఆ గోపురం ఎదురుగానే కనపడతాంది. ఎండకు తళతళా అంటాంది. మామా కూతురు తిరిగొచ్చి ఏమనిందో తెల్సునా? 'అంతా పగిలిన ప్లేట్లే రెడ్డెమ్మా, నువ్వు చూసుంటే నీకు నచ్చేది' అని నవ్వింది. అప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. పదహారేండ్లు అంట్లు కడిగినా. చేతిలో ఒగ సాసరు జారితే గుండె ఝల్లుమంటాది. పగిలిందాన్ని ఎవురికీ కనపడకుండా పేపర్లో చుట్టి పారేసేది. ఆడ పగిలినవి తీసుకోని గుడిగోపురానికి ఎక్కిచ్చినారంటే ఒగసారి తాకి చూడద్దా?"

ఇంటికి వెళ్ళిపోయాక ఇంక ఏ దేశమూ పోనని, పోయే దారిలోనే ఈ ఒక్కటీ చూసిపోతానని ఆమె పట్టు. వెంకటరమణ పైకి ఎగతాళి చేస్తున్నా, అప్పటికే ఈ ప్రయాణానికని కొత్త టోపీ ఒకటి కొనేసి సంచిలో పెట్టుకున్నాడు.

ఆమె అడిగిన గుడి వాట్ అరుణ్. వాట్ అంటే వాళ్ళ భాషలో గుడి, అరుణ్ అంటే మన అరుణుడే. పాతకాలంలో చైనా ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన పింగాణీ, అందులో పగిలిన ముక్కలు, కొన్ని నిండు పళ్ళేలూ గిన్నెలూ పొదిగి గోపురమంతా పువ్వులు దిద్దారు. మామా కూతురు చెప్పింది నిజమే అన్నాను. రెడ్డెమ్మ భర్త వైపు తిరిగి, "ఇన్యావా?" అంది.

మేం మామూలుగా అమ్మేది 'సీట్ ఇన్ కోచ్' టూరు. అంటే పది పదిహేను మందితో కలిసి ఒక బస్సులో సీటు. రాజప్రాసాదం, పడుకున్న బుద్ధుడు, మధ్యలో ఒక రాళ్ళ నగల దుకాణం చూపించి వదిలేస్తారు. అందులో వాట్ అరుణ్ లేదు. మా మేనేజరు అదే అంటగట్టమని కళ్ళతో సైగ చేశాడు. నేను చూడనట్టు ఊరుకుని వీళ్ళిద్దరికీ విడిగా నాలుగు రోజుల ఇటినరరీ వేశాను. ఇటినరరీ అంటే ఏ రోజు ఎక్కడికి, ఎన్నింటికి, ఎలా అన్న కాగితం. రెడ్డెమ్మకు తెలుగు చదవడం వచ్చు కాబట్టి నా చేత్తో తెలుగులోనే రాశాను. బుధవారం ప్రాసాదం, బుద్ధుడు. గురువారం వాట్ అరుణ్. దాని పక్కన 'ప్రతిరోజూ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా' అని రాసి కింద గీత కూడా గీశాను. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి చెన్నై విమానం.

మంగళవారం దిగారు. ఇక నా ఫోన్ ఊరుకోలేదు. ప్రాసాదంలోకి మోకాళ్ళు కనిపించే బట్టలతో రానివ్వరని కాగితంలో రాశాను, నోటితోనూ చెప్పాను. అయినా వెంకటరమణ ముప్పావు ప్యాంటు వేసుకుపోయాడు. గేటు దగ్గర ఆపేస్తే, ఎదురు దుకాణంలో ఏనుగుల బొమ్మలున్న బుడగ ప్యాంటు కొని తొడుక్కున్నాడు. ఆ ఫోటో చూసి మా ఆఫీసంతా పడి పడి నవ్వాం. తర్వాత పడుకున్న బుద్ధుడి గుడి నుంచి రెడ్డెమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఇంత పెద్దాయన ఎంత సుకంగా పండుకోనుండాడు షమీమమ్మా! పాదాలకు ముత్యపుచిప్పలు తాపినారు. పొద్దన్నే లేపేవాళ్ళు ఎవురూ ల్యా. నాకూ ఒగ పొద్దు అట్ల పండుకోవల్లనిపిచ్చింది."

ఆ రోజు సాయంత్రమే వెంకటరమణ తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. రోడ్డు పక్కన పచ్చి బొప్పాయి దంచి పచ్చిమిరపకాయలతో కలిపే సలాడ్ ఒకటి ఉంటుంది అక్కడ. అమ్మే ఆవిడ "కారం తక్కువ వేయనా?" అని అడిగితే, పులివెందులోడికి కారం నేర్పిస్తున్నావా అన్నట్టు రెండింతలు వేయించుకున్నాడట. గురువారమంతా హోటల్ గదిలో బాత్‌రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగాడు. రెడ్డెమ్మ పక్కన కూర్చుని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించింది. నువ్వొక్కదానివే పోయిరా అని ఆయన అంటే, పదహారేళ్ళు ఒక్కదాన్నే ఉన్నది చాలు అందట. నాకు ఫోన్ చేసి, "రేపు పొద్దన్నే పోతాం. మధ్యాహ్నం పన్నెండున్నరకు కదా బండి?" అని అడిగింది. అవునన్నాను. హోటల్ నుంచి విమానాశ్రయానికి మేం పెట్టే బండిని 'ట్రాన్స్‌ఫర్' అంటాం. అది పన్నెండున్నరకు వస్తుంది. ఎనిమిదింటికి బయల్దేరితే బోలెడు సమయం అనుకున్నాను.

శుక్రవారం. కువైట్‌లో తెల్లవారుజాము ఐదు దాటింది, అంటే బ్యాంకాక్‌లో తొమ్మిది దాటింది. ఫజర్ నమాజు చేసుకుని మళ్ళీ దుప్పట్లో దూరాను. ఫోన్ మోగింది.

"షమీమమ్మా, ఈడ రేవు కాడ ఒగాయన ఉండాడు," రెడ్డెమ్మ గొంతులో తొందర. "తెల్లచొక్కా వేసుకోని, మెడలో కార్డు ఏసుకోనుండాడు. గుడి మూసినారంట. లోపల ప్రార్థన జరగతాందంట, ఒంటిగంటకు తెరుస్తారంట. నువ్వు రాసిన కాగితంలో ప్రతిరోజూ ఎనిమిదికే అని ఉండాది. ఏది నిజం?"

నిద్రమత్తు అని ఇప్పుడు సాకు చెప్పుకోవచ్చు. కానీ అప్పుడు నేను ఎంతో తెలిసినదానిలాగానే మాట్లాడాను. "ఈపొద్దు శుక్రవారం కదక్కా. ప్రార్థన అయ్యేదాకా మూసే ఉంటారు. ఒంటిగంట అంటే సరిగ్గానే చెప్తాండాడు."

"ఒంటిగంటకంటే మాకు కుదరదు," అంది.

"ఏం చేస్తాం అక్కా. ఏటిగట్టునుంచన్నా ఒక ఫోటో తీసుకోండి."

"గట్టు మీదనుంచి పోయినసారే చూసినా కదమ్మా," అంది నెమ్మదిగా. ఆ తెల్లచొక్కా ఆయన ఒంటిగంటలోగా ఇంకో మంచి గుడీ, ప్రభుత్వ దుకాణమూ చూపించడానికి ఆటో మాట్లాడి పెడుతున్నాడని, అది ఎక్కుతామని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను కళ్ళు మూసుకున్నాను. పాపం ఒంటిగంటకు, జుమా అయ్యాక తెరిస్తే వీళ్ళ బండి పన్నెండున్నరకే, అర్ధగంట తేడాలో పోయిందే అని లెక్క వేసుకుంటూ ఉన్నాను. జుమా అయ్యాక. ఆ మాట దగ్గర ఆగిపోయాను. బౌద్ధుల గుడిలో జుమా ఏమిటి? థాయ్‌లాండ్‌లో శుక్రవారం ఆఫీసుకు పోయే రోజు. వాళ్ళకు సెలవు శని, ఆదివారాలు. ఆ మనిషి ప్రార్థన అన్నాడు, మూసి ఉందన్నాడు, కానీ శుక్రవారం అని ఒక్కమాట అనలేదు. శుక్రవారాన్ని తెచ్చి అందులో కలిపింది నేను.

దుప్పటి ఎక్కడ పడిందో తెలీదు. లేచి కూర్చున్నాను. పైగా ఇది కొత్త మోసం కూడా కాదు. 'ఈరోజు మూసి ఉంది' అని చెప్పి ఆటో ఎక్కించి నగల దుకాణానికి తోలుకుపోయేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉంటారని వందసార్లు చదివాను, పదిమందికి హెచ్చరిక చెప్పాను. ఇంకెవరైనా 'సోమవారం మూసి ఉందట' అని ఫోన్ చేసి ఉంటే, నిద్రలోనే తిట్టి, గేటు దాకా నడవమని చెప్పేదాన్ని. శుక్రవారం కాబట్టి నమ్మాను. వాళ్ళూ అందుకే నమ్మారు. మా ముగ్గురికీ కువైట్ ఒంట్లోకి దిగిపోయింది. రెడ్డెమ్మ అయినా నయం, అనుమానం వచ్చి నేను రాసిన కాగితం పట్టుకుని నన్నే అడిగింది. నా చేతిరాతను నేనే కొట్టేశాను.

తిరిగి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆయన నంబరుకూ చేశాను. అదీ అంతే. ఆటో చప్పుడులో వినపడి ఉండదు. నది ఒడ్డున సంచులకు కాపలా కూర్చోబెట్టిన ఇంటివాళ్ళను మనసులో ఎన్ని అన్నానో! నేను చేసింది మాత్రం ఏమిటి?

మా తరఫున బ్యాంకాక్‌లో పనులు చూసిపెట్టే సంస్థ ఒకటి ఉంటుంది. దాన్ని 'ల్యాండ్ ఆపరేటర్' అంటాం. హోటళ్ళు, బళ్ళు, గైడ్లు అన్నీ వాళ్ళవే. అందులో నిడా అనే అమ్మాయి తొమ్మిదేళ్ళుగా నాతో మెసేజ్‌లలో మాట్లాడుతుంది. ముఖాముఖి ఎప్పుడూ చూసుకోలేదు. ఆమెకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"మూసి ఉందా? పొద్దున అటునుంచే వచ్చాను, తెరిచే ఉంది," అంది నిడా. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషులాగే ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అందుకే మాకు బాగా కుదురుతుంది. "నువ్వు ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ నమ్మావా షమీమ్?"

"నమ్మాను. తర్వాత తిట్టు. ముందు సాయం చెయ్యి."

వాళ్ళు ఈపాటికి ఏదో ఒక నగల దుకాణంలో ఉంటారని, అక్కడ వాళ్ళను ఎంతసేపు కూర్చోబెడితే ఆటోవాడికి అంత లాభమని చెప్పింది. ఏ దుకాణమో తెలీదు కాబట్టి ఫోన్ చేస్తూనే ఉండమంది. నేను చేస్తూనే ఉన్నాను. బయట మా వీధి నిశ్శబ్దంగా, షట్టర్లన్నీ మూసుకుని ఉంది. ఆరుంబావుకు, అంటే అక్కడ పదింబావుకు, వెంకటరమణ ఎత్తాడు.

"మేడం, ఏదో ఎర్రరాయి ఉంగరం చూపిస్తాండారు. ఈపొద్దే ఆఖరి రోజంట..."

"అన్నా, ఏమీ కొనద్దు. ఇద్దరూ బయటికి రాండి. గుడి తెరిచే ఉంది."

"పొద్దన నువ్వే కదా మూసినారంటివి?"

"తప్పు చెప్పినా అన్నా. శుక్రవారం అనేసరికి కువైటే అనుకున్యా. అంతా నాదే తప్పు."

వెనకాల దుకాణంవాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. తర్వాత ఫోన్ చేతులు మారింది.

"తెరిచే ఉండాదా?" అంది రెడ్డెమ్మ.

"తెరిచే ఉందక్కా."

"అయితే యల్లా, పోదాం పా."

కానీ వెంకటరమణ కదలలేదు. ఫోన్ మళ్ళీ తీసుకున్నాడు. పదహారేళ్ళు డ్రైవరుగా చేసిన మనిషి, ఒక్కసారి కూడా ఎవరినీ విమానానికి ఆలస్యం చేయలేదు. "ఇప్పుడు రేవుకు పోవల్ల, ఏరు దాటల్ల, చూడల్ల, మళ్ళా హోటలుకు వచ్చి పెట్టెలు తీసుకోవల్ల. కుదిరే పనేనా? ఇమానం పోతే మా గతేంది? ఇఖామా కూడా ఖలాస్ అయిపాయ, వెనక్కు వచ్చేకి కూడా ల్యా."

ఆయన భయంలో న్యాయం ఉంది. నేను అప్పటికే నిడాతో మాట్లాడి ఒక దారి వెతికి పెట్టుకున్నాను. ట్రాన్స్‌ఫర్ బండి హోటల్‌కి కాకుండా నది అవతలికి, గుడి వెనక రోడ్డుకే రావాలి. దారిలో హోటల్ దగ్గర ఆగి పెట్టెలు వేసుకుని రావాలి. అలా చేస్తే వీళ్ళు తిరిగి నది దాటక్కర్లేదు, గుడి నుంచి నేరుగా విమానాశ్రయమే. పెట్టెలు హోటల్ సామాన్ల గదిలో ఇచ్చి ఉన్నారు, వాటికి ఇచ్చిన నంబరు బిళ్ళలు ఆయన జేబులో ఉన్నాయి. వాటిని ఫోటో తీసి పంపితే చాలు, హోటల్‌తో నిడా మాట్లాడుతుంది. పాస్‌పోర్టులు ఎక్కడ అని అడిగాను. రెడ్డెమ్మ నడుముకు కట్టుకుని ఉందట. పదహారేళ్ళు కఫీల్ బీరువాలో ఉన్న పాస్‌పోర్టు చేతికొచ్చాక నిద్రలో కూడా విప్పడం లేదని ఆయనే చెప్పాడు.

"నన్ను నమ్మన్నా," అన్నాను.

"పొద్దన నమ్మితిమి కదా మేడం," అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

వెనకనుంచి రెడ్డెమ్మ గొంతు వినబడింది. "ఆయమ్మ నోటితో చెప్పింది ఇడ్సిపెట్టు. చేత్తో రాసింది సరిగ్గానే ఉండాది. దాన్నే నమ్ముదాం పా."

టాక్సీ ఎక్కారు. రెండు బిళ్ళల ఫోటో వచ్చింది, నిడాకు పంపాను. హోటల్‌వాళ్ళు ముందు ఒప్పుకోలేదు, సంతకం చేసినవాళ్ళే రావాలన్నారు. నిడా స్వయంగా వెళ్ళి నిలబడింది. ఆ పని ఆమె నా కోసం చేయక్కర్లేదు, ఆ రోజు ఆమె డ్యూటీ కూడా కాదు. నేను టీ పెట్టుకుని తాగడం మరిచిపోయి, వంటింట్లో నిలబడి ఇటు ఒక ఫోను, అటు ఒక ఫోను చూస్తూ ఉన్నాను. పదకొండుకు రేవు చేరారు. తెల్లచొక్కా ఆయన ఇంకా అక్కడే ఉన్నాడట, ఇంకో జంటతో మాట్లాడుతున్నాడట. రెడ్డెమ్మ ఆ జంట దగ్గరికి పోయి, చేత్తో గుడి వైపు చూపించి, "ఓపెన్! ఓపెన్!" అని చెప్పి మరీ పడవెక్కింది.

పదకొండుంబావుకు వీడియో కాల్ వచ్చింది. ముందు ఆకాశం, తర్వాత వెంకటరమణ టోపీ, తర్వాత గోపురం. ఎన్నో ఏళ్ళుగా బ్రోచర్లలో చూస్తున్న గోపురమే. కానీ బ్రోచర్‌లో ఎప్పుడూ దూరం నుంచి తీస్తారు. రెడ్డెమ్మ ఫోన్‌ని గోడకు జానెడు దూరంలో పెట్టింది. చుట్టూ థాయ్ పట్టుబట్టలు అద్దెకు కట్టుకుని ఫోటోలు దిగే పిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఆమె తన నూలుచీర కొంగు నడుములో దోపుకుని, వంటింట్లో సామాను సరిచూసుకునేదానిలా ఒక్కొక్క ముక్కనూ చూసుకుంటూ పోతోంది.

"ఇదిగో, ఇది సాసరు అంచు. ఇది గిన్నె అడుగు, చూడు, గుండ్రంగా. ఇది టీ కప్పుది. ఈ పువ్వుకు నడుమ నిండు పళ్ళెమే పెట్టినారు, పగలంది. చుట్టూరా రెక్కలన్నీ పగిలినవే." ఆమె వేలు ఒక నీలం ముక్క మీద ఆగింది. "ఎవురు పగలగొట్టినారో ఏమో. తిట్లు తినే ఉంటారు పాపం."

ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఏడుస్తోందని నాకు అర్థమైంది, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. నాకు మాత్రం అది పశ్చాత్తాపమో సంతోషమో చెప్పడం కష్టం.

వెంకటరమణ ఫోన్ తీసుకున్నాడు. "ఎగతాళి చేస్తి గానీ మేడం, బో బాగుండాది," అన్నాడు. తర్వాత, "ఇంకోటి గమనిచ్చినావా? మేం ఇద్దరం శుక్రవారం పొద్దన కలిసి ఉండేది ఇదే మొదలు. పెండ్లయినాక ఊర్లో ఉన్నప్పుడు ఉంటిమేమో, గ్యాపకం ల్యా," అన్నాడు.

పన్నెండుంబావుకు పెట్టెలతో సహా బండి గుడి వెనక రోడ్డుకు వచ్చి ఆగిందని నిడా మెసేజ్ పెట్టింది. నేను ఫోన్ చేశాను. "అక్కా, బండి వచ్చింది. ఇంక కదలాల."

"ఇంకో పది నిమిషాలు ఉంటానమ్మా," అంది రెడ్డెమ్మ.

నా పనంతా జనాన్ని టైముకు కదిలించడమే. గుడి దగ్గర గంట, భోజనానికి ముప్పావుగంట, ఫోటోలకు పావుగంట అని కాగితం మీద గీసి, దాటితే ఫోన్ చేసి తరమడం. ఆ రోజు గడియారం చూశాను. పన్నెండున్నరకు ఇంకా పావుగంట ఉంది. అడిగిన మనిషి ఎవరో కూడా చూశాను. ఒక ఇంట్లో పదహారేళ్ళు పిలిస్తే పలికిన మనిషి, తన కోసం పది నిమిషాలు కావాలని ఎవరినైనా ఎప్పుడైనా అడిగి ఉంటుందా?

"ఉండక్కా. బండి నిలబడతాది," అన్నాను. నిడాకు 'ఆపు' అని మెసేజ్ పెట్టాను. 'ఎంతసేపు?' అని అడిగింది. 'ఆమె వచ్చేదాకా' అని రాశాను.

ఆమె పది నిమిషాలు కూడా పూర్తిగా ఉండలేదు. ఎనిమిదో నిమిషంలోనే బండెక్కారు. విమానం అందుకున్నారు, రాత్రికి చెన్నైలో దిగారు, అక్కడినుంచి వాళ్ళ ఊరు చేరుకున్నారు.

ఆ కేసు నాకు నేర్పినవి రెండు ఉన్నాయి. ఒకటి వృత్తికి సంబంధించింది. ఏ ఊరి గురించి ఎవరైనా ఫోన్ చేసి అడిగినా, ఎంత నోటికొచ్చినదైనా సరే, ఆ ఊళ్ళో ఉన్న మనిషిని ఒకసారి అడగకుండా జవాబు చెప్పను. పద్నాలుగేళ్ళ అనుభవం అనేది ఎక్కువగా ఈ ఊరి అనుభవమేనని, దాన్ని ఇంకో ఊరికి తగిలించకూడదని తెలిసింది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ కథ నేనే చెప్తాను, నా తప్పుతో సహా. మేనేజరు వద్దంటాడు, పరువు పోతుందంటాడు. పోనీ.

రెండోది నేను తయారుచేసే కాగితాల్లోకి వచ్చింది. ఇళ్ళలో పనిచేసి వెళ్ళిపోయే ఆడవాళ్ళు ఎవరైనా టూరు అడిగితే, వాళ్ళ ఇటినరరీలో ప్రతిరోజూ ఒక గంట ఖాళీగా వదిలేస్తున్నాను. ఏమీ రాయను. "ఈడ ఏముంది?" అని అడుగుతారు. "ఆ గంట మీదే అక్కా, మీ ఇష్టం," అంటాను. మొదట నమ్మరు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూస్తారు, ఏదైనా పని రాసి ఉందేమోనని. తర్వాత మెల్లగా నవ్వుతారు.